కాలిపోయిన కాగితములు, కాలిపోని ఆనందము

చదువవలసిన వాక్యభాగములు: హబక్కూకు 3:17–19; కీర్తన 46; ఫిలిప్పీయులకు 4:4–13



పంట ఇంటికి వచ్చిన సంవత్సరము కృతజ్ఞతార్పణలు తెచ్చి పాటలు పాడుట మనకు కష్టము కాదు. వానలు లేక చేను ఎండినప్పుడు, గాలివానకు ఇల్లు కూలినప్పుడు, కాడెద్దు చచ్చినప్పుడు మన నోట పాట ఆగిపోవును. పొలమును, తోటయు, పశువుల సాలయు వట్టివైపోయిన దినమున సైతము దేవునియందే ఆనందింప నిశ్చయించుకొనిన హబక్కూకు ప్రవక్తను మనమెరుగుదుము. అట్టి ఆనందము మనవంటి వారికి సాధ్యమగునా? ఈ నెల విలియం కేరీగారి జీవితమును ధ్యానించి దీనిని తెలిసికొందము.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు దేశమందలి పాలర్స్‌పరీ అను చిన్న గ్రామమున పుట్టిరి. తండ్రి నేతపనివాడు, తరువాత గ్రామ బడిపంతులు. ఎండ పడని శరీరమగుటచేత కేరీగారు పొలము పని చేయలేకపోయిరి. అందుచేత సుమారు పదునాలుగేండ్ల ప్రాయమున చెప్పులు కుట్టు పని నేర్చుకొన కుదిరిరి. ఆ దుకాణములోనే తోటి పనివాని సాక్ష్యము వలన క్రీస్తును ఎరిగిరి. తోలు కోయుచు, దారము లాగుచు, ప్రక్కన పుస్తకము పెట్టుకొని భాషలు నేర్చిరి. ఆ పనిని గూర్చి ఆయన ఎన్నడును సిగ్గుపడలేదు. సువార్త ఎరుగని దేశములను గూర్చిన భారము ఆయన హృదయములో పెరిగి, 1793 నవంబరులో భార్యాబిడ్డలతో కలకత్తా చేరిరి.

వచ్చిన తొలి దినములు శ్రమ దినములు. చేతిలో డబ్బు లేదు, ఉండుటకు స్థిరమైన ఇల్లు లేదు. 1794లో ఉత్తర బెంగాలునందలి మద్నాబాటిలో నీలిమందు కర్మాగారమున పని దొరికెను. అదే సంవత్సరము అక్టోబరులో అయిదేండ్ల కుమారుడు పీటర్ రక్తవిరేచనములతో మరణించెను. అంటుముట్టుల భయము చేత గొయ్యి త్రవ్వుటకును, శవమును మోయుటకును మనుష్యులు దొరకుట దుర్లభమాయెను. జ్వరముతో లేవలేని తండ్రికి అది ఎట్టి దినమో, బిడ్డలను పాతిపెట్టిన తలిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు.

కేరీగారి భార్య డొరోతమ్మగారు మొదట ఈ దేశమునకు రానొల్లలేదు. బిడ్డ పోయిన తరువాత ఆమె మనస్సు చెదరెను. 1807లో ఆమె మరణించువరకు, పండ్రెండేండ్లకు పైగా, ఆ బాధ ఆ యింట నిలిచెను. ఒక గదిలో ఆమె కేకలు వేయుచుండగా ప్రక్క గదిలో ఆయన వేదవాక్యమును తర్జుమా చేయుచుండిరి. ఆమె అనుభవించిన వేదనను తేలికగా చెప్పి దాటిపోవుట మనకు తగదు. కేరీగారు చేసిన ప్రతి యేర్పాటును మనకు మాదిరి యనియు మేము చెప్పము. అయితే ఒక సంగతి మాత్రము గమనింతము. ఆ దినములలో ఆయన వ్రాసికొనిన దినచర్యలో ఒంటరితనమును, తన ఆత్మ చల్లబడుటను గూర్చిన ఒప్పుకోలు కనబడును. క్రీస్తునందు ఆనందించువాడు ఏడువడని ఎవరైన తలంచినయెడల అది పొరపాటు. ఏడ్చుచునే ఆయన ప్రభువునొద్దకు తిరిగి తిరిగి వచ్చుచుండిరి.

ఏడేండ్లు ఒక్క ఆత్మయైనను చేర్చబడలేదు. 1800 జనవరిలో ఆయన శ్రీరాంపూరు చేరి, మార్ష్‌మన్, వార్డు అను సహోదరులతో కలిసి పని సాగించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన కృష్ణపాల్ అను వడ్రంగికి హుగ్లీ నదిలో బాప్తిస్మమిచ్చిరి. మరుసటి సంవత్సరము బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను. తరువాత ఒక భాష వెంట ఒక భాషగా వేదతర్జుమాలు సాగెను.

ఇప్పుడు మన తెలుగువారు మరువరాని రాత్రిని గూర్చి చెప్పెదము. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము శ్రీరాంపూరు ముద్రణాలయములో కాగితములున్న చోట నిప్పు పుట్టెను. కేరీగారు అప్పుడు కలకత్తాలో నుండిరి. వార్డుగారును పనివారును ఎంత పాటుపడినను మంటలు ఆగలేదు. నడిరాత్రికి కప్పు కూలెను. ప్రాణనష్టము కలుగలేదు గాని, పదునాలుగు తూర్పు భాషల అక్షరములు కరగి ముద్దలాయెను. ఏండ్ల తరబడి కేరీగారు వ్రాసిన సంస్కృత సంబంధమైన గొప్ప నిఘంటువు వ్రాతప్రతులును, మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు బూడిదయ్యెను. మరునాడు మార్ష్‌మన్‌గారు కలకత్తా వెళ్లి ఈ వార్త తెలిపిరి. కేరీగారు తిరిగి వచ్చి, ఇంకను పొగలు చిమ్ముచున్న ఆ బూడిదలో కన్నీళ్లతో నడిచిరి.

తరువాతి ఆదివారమున ఆయన ప్రసంగించుటకు ఎన్నుకొనినది 46వ కీర్తన పదవ వచనము. దేవుడు తన ఇష్టప్రకారము మనలను నడిపించుటకు హక్కుగలవాడనియు, ఆయన చిత్తమునకు లోబడుట మన విధియనియు బోధించిరి. బూడిదను వెదకగా అక్షరములు పోతపోయుటకు కావలసిన ఉక్కు అచ్చులు చెడక దొరికెను. ముద్రణ యంత్రములును మిగిలెను. కరగిన లోహమునే తిరిగి అక్షరములుగా పోసిరి. ఈ వార్త ఇంగ్లండు చేరగా విశ్వాసులు రమారమి 10,000 పౌనులు కూర్చి పంపిరి. కేరీగారు మొదటినుండి మరల వ్రాయ మొదలిడిరి. రెండవసారి నడుచు దారి తెలిసిన దారియే గనుక కొంత సుళువని ఆయన తలంచిరి. 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అక్కడనే అచ్చయ్యెను.

శ్రమలు అంతటితో ఆగలేదు. రెండవ భార్య షార్లెట్‌గారు 1821లోను, జ్యేష్ఠ కుమారుడు ఫీలిక్సు 1822లోను మరణించిరి. 1823లో ఆయన పడి కాలికి గట్టి దెబ్బ తగిలించుకొనిరి. ఆ సంవత్సరమే ఎంతో ప్రీతితో పెంచిన తోటను వరద పాడుచేసెను. లేవగలిగిన వెంటనే మరల విత్తనములు తెప్పించి నాటించిరి.

ఆయన అవసాన దినములలో అలెగ్జాండరు డఫ్‌గారు చూడవచ్చి, ఆయన చేసిన గొప్ప పనిని గూర్చి మాటలాడిరి. డఫ్‌గారు వెళ్లుచుండగా కేరీగారు సన్నని స్వరముతో వెనుకకు పిలిచి, తాను పోయిన తరువాత కేరీని గూర్చి కాక కేరీ రక్షకుని గూర్చియే మాటలాడవలెనని కోరిరి. 1834 జూన్ 9వ తేదీన ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, ఆయన ఆనందమునకు మూలమిదియే. ఆయన దేవుని పనిని మిక్కిలి ప్రేమించిరి, అయితే ఆ పని మీద తన ఆనందమును కట్టుకొనలేదు. కట్టుకొనియుండినయెడల 1812 మార్చిలో అదియు కాగితములతోపాటు కాలిపోయియుండును. మన ఆనందము దేనిమీద ఆనుకొనియున్నదో శ్రమ వచ్చినప్పుడు బయలుపడును. పంట, పిల్లలు, ఇల్లు దేవుని యీవులే. సంఘములో మనము చేయు పరిచర్యయు ఆయన యీవియే. అవి మన చేతినుండి జారిన దినమున ఇచ్చినవాడు మనతో నుండును. పౌలు చెరసాలనుండి సంతోషమును గూర్చి వ్రాయగలిగినది ఇందుచేతనే.

ఈ నెలలో మనలో ఎవరి చేనైన ఎండియుండవచ్చును, ఎవరి యింటనైన దుఃఖముండవచ్చును. అట్టివారి యొద్దకు పోయి వారితో కూర్చుందము. ఏడ్చువారిని ఏడువనిత్తము. మన తెలుగు వేదగ్రంథమును విప్పి 46వ కీర్తనను కలిసి చదువుదము. బూడిదలోనుండి మరల పని మొదలుపెట్టించిన ప్రభువు, మన బీడు పొలములోను మనతోకూడ నిలుచుననుటకు సందేహము లేదు.

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చిన వాటికంటె నిన్నే ఎక్కువగా ప్రేమించు హృదయమును మాకు దయచేయుము. మా కన్నీళ్లలో నీవు మాకు దూరముగా నుండకుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.