కాషాయ వస్త్రములలో క్రీస్తు యాత్రికుడు: సాధు సుందర్ సింగ్

మన డయాసిస్ నూరు సంవత్సరముల ప్రయాణమును తలచుకొని దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్న ఈ తరుణములో, నడకనే పరిచర్యగా చేసికొనిన ఒక దైవజనుని జీవితమును జ్ఞాపకము చేసికొనుట యుక్తమని తలంచుచున్నాను. ఆయన మన ప్రాంతమువాడు కాడు, మన భాష మాటలాడినవాడును కాడు. అయినను మన సంఘములలో అనేక గృహముల గోడలకు ఆయన చిత్రపటము వ్రేలాడుచుండును. కాషాయపు అంగీ, తలపాగా, నల్లని గడ్డము, శాంతమైన కన్నులు. చిన్న పిల్లలు ఆ పటమును చూచి యేసు ప్రభువే అనుకొనుటయు కద్దు.

మనము చూచు ఆ ఛాయాచిత్రములలో ఎక్కువ భాగము 1918 తరువాత, ఆయన పేరు దేశదేశములలో వ్యాపించిన దినములలో తీయబడినవి. అంతకు ముందు పదమూడు సంవత్సరములు ఆయన నడిచిన కొండదారులు ఆ పటములలో కనబడవు. ఆ దారులను తెలిసికొననిదే ఆ ముఖములోని శాంతికి ఎంత వెల చెల్లింపబడినదో మనకు అర్థము కాదు.

తల్లి కోరిన సాధువు

సుందర్ సింగ్ 1889వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పంజాబులో, పటియాలా సంస్థానమునకు చెందిన రాంపూర్ గ్రామములో సంపన్నమైన సిక్కు కుటుంబములో జన్మించెను. తండ్రి పేరు షేర్ సింగ్. తల్లి మహాభక్తురాలు. కుమారుడు అన్నలవలె లోకవ్యవహారములలో మునిగిపోక సాధువు కావలెనని ఆమె కోరిక. ఏడేండ్లకే ఆ బాలుడు భగవద్గీతను కంఠస్థము చేసెనని చెప్పుదురు. అతనికి పదునాలుగేండ్ల ప్రాయములో తల్లి మరణించెను. ఆ దుఃఖము అతనిని దేవునిమీద కోపగించునట్లు చేసినది. మిషను పాఠశాలలో బైబిలు చదువుటను అసహ్యించుకొని, 1904 డిసెంబరులో సువార్త గ్రంథమును చింపి నిప్పులో వేసెను.

ఆ తరువాత అతనికి నెమ్మది లేదు. దేవుడు తన్ను తాను కనుపరచుకొననియెడల తెల్లవారుజామున ఇంటి సమీపమున పోవు రైలుబండి క్రింద తల పెట్టుటకు నిశ్చయించుకొనెను. డిసెంబరు 18వ తేదీ తెల్లవారకముందు ప్రార్థనలో ఉండగా యేసుక్రీస్తు తనకు ప్రత్యక్షమాయెనని ఆయన జీవితాంతము సాక్ష్యమిచ్చెను. ఆ ఉదయమున చావవలసిన బాలుడు తండ్రిని నిద్రలేపి, తాను క్రీస్తువాడనైతినని తెలియజెప్పెను.

కుటుంబము బ్రతిమాలినది, బెదరించినది, చివరకు వెళ్లగొట్టినది. 1905 సెప్టెంబరు 3న, తన పదునారవ జన్మదినమున, సిమ్లాలోని పరిశుద్ధ తోమా దేవాలయములో ఆయన బాప్తిస్మము పొందెను. ముప్పది మూడు దినముల తరువాత, అక్టోబరు 6న, కాషాయ వస్త్రము ధరించి, చేత క్రొత్త నిబంధన పట్టుకొని, పాదరక్షలు లేకుండ బయలుదేరెను. తల్లి కోరిక నెరవేరినది. అయితే ఆమె ఊహింపని ప్రభువు పేరట నెరవేరినది.

రక్తసిక్తమైన పాదములు

ఆ దినములలో క్రైస్తవుడనగా తెల్లదొరల మతము పుచ్చుకొన్నవాడని సామాన్యుల అభిప్రాయము. కోటు, బూట్లు తొడిగినవానికి పల్లెలలో తలుపులు మూయబడుచుండెను. కాషాయమును చూచి తెరచిన తలుపులు కొన్ని, క్రీస్తు నామము వినగానే మరల మూయబడినవి. అప్పుడు ఆయనకు చెట్టు నీడయే సత్రము. పంజాబు, కాశ్మీరు, బెలూచిస్తాను, ఆఫ్ఘనిస్తాను సరిహద్దులవరకు ఆయన నడిచెను. రాళ్లకు చీలి నెత్తురు కారు ఆ పాదములనుబట్టి ఆయనకు ఒక బిరుదు కూడ వచ్చినది.

1906 ప్రాంతములో అమెరికా దేశస్థుడైన శామ్యూల్ స్టోక్స్‌తో ఆయనకు స్నేహము కలిగెను. తరువాతి కాలములో కోట్‌గఢ్ కొండలలో ఆపిలు తోటలు వేయించి ప్రసిద్ధుడైనవాడు ఈ స్టోక్సే. వారిరువురు కలిసి కొండ గ్రామములలో తిరిగిరి. సబాథు కుష్ఠురోగుల ఆశ్రమములో పుండ్లు కడిగిరి. ప్లేగు వ్యాధిగ్రస్తులకు పరిచర్య చేసిరి. సుందర్ సింగ్ నడక ప్రసంగములకొరకు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

హిమాలయ మార్గము

1908లో, పందొమ్మిదేండ్ల వయస్సులో, ఆయన మొదటిసారి టిబెట్టునకు వెళ్లెను. సిమ్లా నుండి నార్కండా, కోట్‌గఢ్, రాంపూర్ బుషహర్ మీదుగా సట్లెజ్ నది లోయ వెంబడి సరిహద్దు వరకు పోవు పాత వర్తక మార్గము అది. కంచరగాడిదలు, ఉన్ని మూటలు మోయు గొర్రెల మందలు నడుచు దారి. సరిహద్దు సమీపమున పూ గ్రామములో మొరేవియన్ మిషనరీలు ఆయనకు సహాయము చేసిరి. వేసవిలో మంచు కరిగినప్పుడే కనుమలు తెరచుకొనును గనుక, ఏడాదిలో కొన్ని నెలలు కొండలలోను, చలికాలము మైదానములలోను తిరుగుట ఆయనకు అలవాటైనది.

ఆ దారులలో జరిగినదని ఆయన చెప్పిన సంగతి ఒకటి మనకందరికి పరిచితమే. మంచు కురియుచుండగా ఆయనయు ఒక టిబెట్టు దేశస్థుడును నడుచుచుండిరి. ఒక మనుష్యుడు లోయలో జారిపడియుండెను. తోటి బాటసారి తన ప్రాణము దక్కించుకొనుటకు ముందుకు సాగిపోయెను. సుందర్ సింగ్ దిగి, పడినవానిని వీపుమీద మోసికొని నడిచెను. ఆ బరువుచేత ఆయన దేహమునకు వేడి పుట్టెను. ఆ వేడి మోయబడినవానిని బ్రదికించెను. గ్రామము చేరబోవు వేళ, ముందు వెళ్లినవాడు దారిలో గడ్డకట్టి చనిపోయి కనబడెను.

అనుమతి పత్రము

1909లో ఆయన లాహోరులోని వేదాంత కళాశాలలో చేరెను. పరీక్షలకొరకైన చదువు, తోటి విద్యార్థుల వేళాకోళము ఆయనకు కష్టమాయెను. ప్రసంగించుటకు అనుమతి పత్రము లభించినది గాని, తన డయాసిస్ హద్దులు దాటి, అన్ని మిషనుల మధ్యను స్వేచ్ఛగా బోధించుట దానితో పొసగదని తెలిసికొని, ఆ పత్రమును వినయముతో తిరిగి ఇచ్చివేసెను.

డయాసిస్ శతాబ్ది సంచికలో ఈ సంగతి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నేనును వేదాంత కళాశాలలో చదివి, బిషప్పుగారి చేతులమీదుగా అభిషేకము పొంది, పాస్టరేటు హద్దులలో పనిచేయుచున్నవాడనే. హద్దులు లేనిదే కాపరి తన మందను ఎరుగజాలడు. అయితే సుందర్ సింగ్ సంఘముతో తగవులాడి వెళ్లలేదు. వేరొక సంఘమును స్థాపింపలేదు, తన పేరట శిష్యులను పోగుచేయలేదు, బాప్తిస్మము కోరినవారిని స్థానిక సంఘములకు పంపెను. మందను కాయువాడును, తప్పిపోయినదానిని వెదకుచు కొండలెక్కువాడును ఒకే కాపరి సేవకులు. ఒకరినొకరు తక్కువగా చూచినప్పుడే సంఘమునకు నష్టము.

పరిశుద్ధ దేశమునకు

1908లోనే ఆయన పాలస్తీనా దర్శింపగోరి బొంబాయి వరకు వెళ్లెను. ప్రయాణమునకు అనుమతి దొరకక వెనుకకు మరలెను. పదునాలుగేండ్లు వేచియుండెను. ఈలోగా 1918లో దక్షిణ భారతదేశమును, సింహళమును దర్శించెను. మరుసటి సంవత్సరము బర్మా, మలయా, చైనా, జపాను దేశములకు పోయెను. ఒకప్పుడు ఇల్లు వెడలగొట్టిన తండ్రి క్రీస్తును అంగీకరించి, 1920లో కుమారుని ఇంగ్లాండు ప్రయాణమునకు ధనసహాయము చేసెను. అక్కడినుండి ఆయన అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళ్లెను. 1922లో ఐరోపాకు పోవుచు, తుదకు ప్రభువు నడిచిన నేలమీద తానును నడిచెను. టిబెట్టు రాళ్లను తొక్కిన పాదములకు ఆ యాత్ర ఎంత ఆనందము కలిగించినదో ఊహించుకొనవలసినదే.

సందేహములు

కీర్తితోపాటు విమర్శయు వచ్చినది. ఆయన చెప్పిన కొన్ని అద్భుతములకు, ముఖ్యముగా కైలాస పర్వతముమీద నివసించు వృద్ధ మహర్షి వృత్తాంతమునకు, ఇతరుల సాక్ష్యము లేదని ఐరోపా పండితులు కొందరు అభ్యంతరము చెప్పిరి. పిస్టర్ అనువారు తీవ్రముగా ఖండించిరి. హైలర్ అను జర్మను పండితుడు ఆయన పక్షమున వ్రాసెను. మన దేశపు వేదాంతి ఎ. జె. అప్పాసామి, తరువాత కోయంబత్తూరు బిషప్పు అయినవారు, ఆయనను దగ్గరగా ఎరిగి ప్రేమతో ఆయన చరిత్ర వ్రాసిరి.

ఈ వివాదమును మన విశ్వాసులకు దాచిపెట్టుట మంచిది కాదు. ఒంటరిగా నడిచినవాని కథలకు సాక్షులు తక్కువ. ప్రతి కథను ఋజువు చేయు శక్తి మనకు లేదు, అవసరమును లేదు. పెండ్లిచేసికొనక, ఆస్తి కోరక, ప్రాణమునకు తెగించి ఇరువది నాలుగేండ్లు ఆయన క్రీస్తును ప్రకటించెననుటకు మాత్రము సాక్షులు అనేకులు. మన విశ్వాసము సాధువు అద్భుతములమీద కాదు, ఆయన ప్రకటించిన ప్రభువుమీద నిలిచియున్నది.

చివరి దారి

1922 తరువాత ఆయన ఆరోగ్యము చెడినది. గుండె బలహీనమాయెను, కంటిచూపు దెబ్బతినెను. సబాథులో నివసించుచు చిన్న చిన్న పుస్తకములు వ్రాసెను. అవి తెలుగులోను వెలువడి మన పెద్దలచేత చదువబడినవి. అక్కడనే ఉండిపోయినను ఎవరును తప్పుపట్టకపోదురు. కాని టిబెట్టు భారము ఆయనను విడువలేదు. 1927లో బయలుదేరి, దారిలో తీవ్రముగా జబ్బుపడి వెనుకకు వచ్చెను.

1929 ఏప్రిల్ 18న మరల బయలుదేరెను. ఈసారి ఆయన ఎన్నుకొనినది ఋషీకేశము నుండి బదరీనాథ్ వైపు పోవు యాత్రికుల మార్గము. ఈనాడు బస్సులు పోవుచున్న ఆ దారి, ఆ దినములలో గంగ, అలకనంద నదుల వెంబడి సుమారు 300 కిలోమీటర్ల కాలినడక. మన తెలుగు దేశమునుండియు ఎందరో వృద్ధులు, తిరిగి వత్తుమో రామో అని బంధువులయొద్ద సెలవు తీసికొని నడిచిన దారి అది. ఆ జనసమూహములో కలిసి కొంతదూరము నడిచి, వర్తకులతో కనుమ దాటవలెనని ఆయన ఉద్దేశ్యము. రెండు మూడు నెలలలో రావలసినవాడు రాలేదు. మిత్రులు ఆ మార్గమున వెదకిరి, జాడ దొరకలేదు. ఆ యేట యాత్రికులలో కలరా వ్యాపించినది గనుక దానివలన మరణించియుండునని కొందరు, కొండచరియలనుండి జారిపడియుండునని కొందరు తలంచిరి. 1933లో ప్రభుత్వము ఆయనను మృతునిగా ఎంచెను. కనబడకుండ పోయిన నాటికి ఆయన వయస్సు ముప్పది తొమ్మిది సంవత్సరములే. సమాధి లేదు.

ప్రియులారా, హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములోని భక్తులు గుడారములలో నివసించి, పరలోకసంబంధమైన దేశమునకు ఎదురుచూచినవారు. మనకైతే ఈ నూరేండ్లలో దేవుడు రాతి దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను దయచేసెను. వాటినిబట్టి ఆయనను స్తుతింతము. అయితే మన పాస్టరేటు హద్దులలోనే, దేవాలయపు గంట వినబడు దూరములోనే, మన పాదములు ఇంకను త్రొక్కని వీధులు కలవు. గోడమీది కాషాయ చిత్రమును చూచినప్పుడెల్ల, ముఖమును చూచి ఊరకుండక, ఆ పటములో కనబడని పాదములను జ్ఞాపకము చేసికొందము. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన డయాసిస్‌కు ప్రభువు అట్టి పాదములను అనుగ్రహించును గాక. ఆమేన్.