సర్వాయి పాపన్న - దొరకని ధనరాశి

రామన్నపేటకు వాయవ్యమున భువనగిరి దుర్గమును, ఉత్తరమున కొలనుపాకయు నున్నవి. ఈ సీమలోని మొగలాయీ అధికారులకు కంటికి కునుకు లేకుండ జేసినవాడు సర్వాయి పాపన్న. అతడు పట్టువడిన పిదప హైదరాబాదు సుబేదారు అతని ధనము ఎచ్చట దాగియున్నదని కొన్నిదినములు విచారించెను. ఆ ప్రశ్న మూడువందల యేండ్లు గడచినను తీరలేదు.

పాపన్న ఓరుగల్లు సమీపమందలి తాటికొండకు చెందిన గౌడుడు. కులవృత్తి కల్లుగీత. పారసీ చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాతను బట్టి, అతడు మొదట దోచినది సంపన్నురాలగు సొంత తోబుట్టువు ఇంటినే. ఆ ధనముతో అనుచరులను కూర్చుకొని హైదరాబాదు, ఓరుగల్లు బాటలో దోపిడి సాగించెను. ఫౌజుదారులు తరుమగా కౌలాసు జమీందారు కొలువున జేరి, అచ్చటను దోపిడికి దిగి చెరసాల పాలయ్యెను. రోగియైన తన కుమారుడు కోలుకొనవలెనని జమీందారు భార్య ఖైదీలనందరిని విడిపింపగా బయటపడి, షాపురమున కోట నిర్మించెను.

అతనిపైకి వచ్చిన కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాను పోరులో మడిసెను. తరువాత రుస్తుందిల్‌ఖాను రెండునెలలు ముట్టడించి కోటను కూల్పించెను. పాపన్న మరలివచ్చి దానిని రాతితో కట్టి ఫిరంగులు నిలిపెను.

1707లో ఔరంగజేబు మరణించెను. మరుసటి యేడు మొహర్రం దినములలో పాపన్న ఓరుగల్లును కొల్లగొట్టి, ధనమును తివాసీలను తరలించి, పెక్కుమందిని చెరగొనెను. ఆ సొమ్ముతో జోడుగొట్టపు తుపాకులు ఏడువందలు కొనెను. బంజారాల ఎడ్లను పట్టి తెచ్చి షాపురము చుట్టునున్న పొలములు దున్నించెను. జూను మాసమున భువనగిరిపై బడెను గాని పైకోట చిక్కలేదు.

1709లో బహదూర్‌షా హైదరాబాదునకు రాగా, పాపన్న పదునాలుగు లక్షల రూపాయలు కానుక సమర్పించి ఖిల్లతు పొందెను. కల్లుగీత కార్మికునికి దర్బారు గౌరవమా యని పెద్దలు మొరపెట్టిరి. అతని బాధితుల బంధువులును గోడు వెళ్లబోసికొనిరి. చక్రవర్తి మనసు మార్చుకొని, సుబేదారు యూసుఫ్‌ఖానును అతనిపైకి పంపెను.

ఇంతలో షాపురపు ఖైదీలు తిరుగబడి కోటను వశపరచుకొని, ఆ ఫిరంగులనే పాపన్నపైకి త్రిప్పిరి. అతడు తాటికొండ జేరి నెలలపాటు నిలిచెను. సుబేదారు రెట్టింపు జీతమాశ చూపగా అనుచరులు జారిపోయిరి; మందుగుండు తరిగిపోయెను. మారువేషమున తప్పించుకొన్నను హసనాబాదులో పట్టువడెను. 1710లో అతనిని వధించి, శిరస్సును చక్రవర్తికి పంపి, మొండెమును హైదరాబాదు ద్వారమున వ్రేలాడదీసిరి.

ఖాఫీఖానుకు అతడు దొంగ, పల్లెపాటలకు వీరుడు. ధనమునకు లెక్క కట్టబూనిన, కొంత తుపాకులైనది, కొంత చక్రవర్తి బొక్కసము జేరినది, కొంత కోటకు రాయి సున్నములైనది. మిగిలినదెంతయో, అసలు మిగిలినదో లేదో చెప్పగలవారు లేరు. నిధికై ఆ కోటలను త్రవ్వువారు కూలద్రోయునది మాత్రము పాపన్న ధనముతో లేచిన గోడలనే.