చెరువులు లెక్కపెట్టిన ఇంజనీరు



సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే. ఆ రోజు మైసూరు తలపాగా పెట్టుకుని స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పాలని మీ పిల్లల డైరీలో నోట్ వచ్చే ఉంటుంది. ఆ నాలుగు మాటల్లో డ్యాములు, దివాన్ పదవి, భారతరత్న ఎలాగూ ఉంటాయి. రైలు చప్పుడు విని పట్టా విరిగిందని కనిపెట్టిన కథ మీ వాట్సాప్‌కి ఏటా వస్తూనే ఉంటుంది. ఈసారి వాటిని పక్కన పెట్టి, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు మన హైదరాబాద్‌లో గడిపిన కొన్ని నెలల గురించి చెబుతాను. ఆ నెలల్లో ఆయన చేసిన పని చాలావరకు కొలవడం, లెక్కపెట్టడం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ వైపు బస్తీలకు బస్తీలే కొట్టుకుపోయాయి. సుమారు 19 వేల ఇళ్లు కూలాయి. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారని చెబుతారు. మీరు అటువైపు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. పాఠంలో చదివినదానికంటే ఎక్కువ గుర్తుంటుంది.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వానికి నగరాన్ని మళ్లీ కట్టడం ఒక పని. ఇలాంటి వరద ఇంకోసారి రాకుండా చూడటం రెండోది. ఆ రెండో పనికి పిలిచింది విశ్వేశ్వరయ్య గారిని. అప్పటికి ఆయన వయసు 47. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి విదేశాలు తిరుగుతున్నారు. కబురు అక్కడికే వెళ్లింది. పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు.

ఆయన ఇంటిపేరు మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు రాజ్యానికి వెళ్లిన తెలుగువాళ్లు. 1861లో ముద్దెనహళ్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బీఏ చదివి, పూనాలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి పీడబ్ల్యూడీలో చేరారు. ఫస్ట్ ర్యాంకు వచ్చింది నిజమే. అయితే నాకు ఆ ర్యాంకుకంటే, తర్వాతి పాతికేళ్లు ఆయన నీటి దగ్గర నేర్చుకున్నదే ఆసక్తిగా అనిపిస్తుంది.

కొత్త ఉద్యోగంలో ఖాందేశ్ వైపు పంజ్రా నదికి అడ్డంగా ఒక పైపు వేయించే పని అప్పగించారు. వానాకాలం వరద వచ్చి చేసిన పనంతా ఇసుకలో కప్పేసేది. నది తన టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తుందని అక్కడ తెలిసొచ్చింది. ఆ తర్వాత సింధ్‌లోని సుక్కూరు. పక్కనే సింధు నది, కానీ నీళ్లన్నీ బురద. ఫిల్టర్లు కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుక పొరల్లోంచి ఊరి వచ్చే నీరు దానంతట అదే తేటపడుతుంది కదా, ఆ నీటినే ఊరికి ఎక్కించారు. మన ఊళ్లలో ఏట్లో చెలమ తీసుకుని బిందె ముంచుకునే పద్ధతే అది. కాకపోతే ఒక పట్టణానికి సరిపడా చేశారు. 1903 నాటికి పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీరు ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకుంటాయి.

ఇంత అనుభవం ఉన్న మనిషి హైదరాబాద్ రాగానే, ఇదిగో ఇక్కడ డ్యామ్ కట్టండని చెప్పేయవచ్చు. కానీ ముందు మూడు ప్రశ్నలకు జవాబు వెతికారు. ఎంత వాన పడింది? ఆ నీరు ఏ దారిన వచ్చింది? నగరం దగ్గర నది ఎంత మోసింది?

వాన లెక్క కావాలంటే వర్షమాపకం ఉండాలి, దాన్ని వేళకు చూసి రిజిస్టర్లో రాసే మనిషి ఉండాలి. శంషాబాద్‌లో అలా రాసి ఉంచిన లెక్క దొరికింది. ఇప్పుడు మనం విమానం ఎక్కడానికి వెళ్లే శంషాబాదే. అక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. ఈ రెండోదాన్ని మన లెక్కలోకి మార్చి చూద్దాం. 18.9 అంగుళాలంటే 48 సెంటీమీటర్లు. మీ డాబా వంద గజాలైతే, దాని మీద పడే నీరు సుమారు 40 వేల లీటర్లు. ఎండాకాలంలో మనం డబ్బు పోసి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది అన్నమాట. అది ఒక్క డాబా మీద. నగరానికి ఎగువన మూసీలోకి నీరు పంపే నేల 862 చదరపు మైళ్లు.

రెండో ప్రశ్నకు జవాబు చెరువుల్లో ఉంది. ఆ 862 చదరపు మైళ్లలో 788 చెరువులున్నాయని లెక్క తేలింది. ఇంచుమించు మైలుకొక చెరువు. వాటిలో 221 కట్టలు తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మామూలు వానకు అది వరం. కానీ పై కట్ట తెగితే చెరువు నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది, అదీ తెగుతుంది. హైదరాబాద్ మీదికి వచ్చింది రెండు రోజుల వాన మాత్రమే కాదు, వందల చెరువుల్లో దాచుకున్న నీరు కూడా. ఈ విషయం నగరంలో కూర్చుంటే తెలియదు. ఊరూరా ఏ కట్ట ఎక్కడ తెగిందో రాసుకుంటేనే తెలుస్తుంది.

మూడోది, నది మోసిన నీరు. వరద వెళ్లిపోయిన ఏడు నెలలకు వచ్చిన మనిషి దాన్ని ఎలా కొలుస్తారని మీ పిల్లలు అడగొచ్చు. వరద పోతూ పోతూ గోడల మీద, వంతెనల మీద బురద గీత వదిలి వెళుతుంది. ఆ గీతల ఎత్తు, నది వెడల్పు, లోతు, వాలు తెలిస్తే నీరు ఎంత వేగంతో, ఎంత పరిమాణంలో పోయిందో ఇంజనీర్లు లెక్కకట్టగలరు. మూసీకి తేలిన అంకె సెకనుకు 4,25,000 ఘనపుటడుగులు. లీటర్లలో సెకనుకు కోటీ ఇరవై లక్షలు.

ఈ అంకెలు చేతికి వచ్చాకే పరిష్కారం. నగరం దగ్గర గట్లు ఎత్తుచేసినంత మాత్రాన ఇంత నీరు ఆగదు. ఎగువనే, మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచి మెల్లగా వదలాలి. నగరంలో నదికి గట్లు, ఒడ్డున పార్కులు, ఊరంతటికీ మురుగు కాలువలు కూడా ఉండాలి. ఆ ఏడాది అక్టోబరు నాటికి నివేదిక ఇచ్చేసి, నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. జలాశయాలు కట్టింది తర్వాతి ఇంజనీర్లు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పేర్లు నిజాంవి, ఆయన కొడుకువి. మనం గండిపేటకు పిక్నిక్ వెళ్లినప్పుడు విశ్వేశ్వరయ్య గారు గుర్తు రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. వరదను ఆపాల్సిన చెరువులో ఖాళీ ఉండాలి. తాగునీరు ఇవ్వాల్సిన చెరువు నిండుగా ఉండాలి. ఈ రెండు జలాశయాలూ రెండు పనులూ చేయాల్సి వచ్చింది. అందుకే ఈ రోజుకీ వానాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రాగానే మూసీ ఒడ్డు బస్తీల్లో సామాన్లు సర్దుకుంటారు. 2020 అక్టోబరు రాత్రులు మనలో చాలామందికి గుర్తే. ఎగువన చెరువులు తెగితే ఏమవుతుందో 1909లోనే లెక్కకట్టి ఉంచారు. ఆ తర్వాత మనం చాలా చెరువుల్లో ప్లాట్లు వేశాం.

మిగతా జీవితం మీ పిల్లల స్పీచ్‌లో ఎలాగూ ఉంటుంది, త్వరగా చెప్పేస్తాను. మైసూరులో కృష్ణరాజసాగర్, 1912 నుంచి 1918 వరకు దివాన్ పదవి. ఆ తర్వాత విశ్రాంతి అనుకుంటే పొరపాటే. డెబ్బై దాటాక గాంధీ గారి సూచన మీద ఒరిస్సా వరదలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. తొంభై దాటాక బీహార్‌లో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే కమిటీకి నాయకత్వం వహించారు. 1955లో భారతరత్న. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు.

తలపాగా, పంచె ఎలాగూ అద్దెకు తెస్తారు. దాంతోపాటు ఇంట్లో ఒక చిన్న పని చేయించమని నా విన్నపం. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న గాజు సీసా ఒకటి, స్కేలు ఒకటి చాలు. పిట్టగోడకు దూరంగా, పైన చెట్టు కొమ్మలు లేనిచోట డాబా మీద పెట్టండి. వాతావరణ శాఖవాళ్లు వాన కొలిచేది ఉదయం 8:30కి. ఆ టైముకి మనవాళ్లు స్కూల్ బస్సులో ఉంటారు కాబట్టి బస్సు ఎక్కే ముందు ఏడింటికి కొలిచినా పరవాలేదు, రోజూ అదే టైముకి కొలవాలి అంతే. పాత నోట్‌బుక్‌లో తేదీ, మిల్లీమీటర్లు రాయించి సీసా ఖాళీ చేయించండి. వాన పడని రోజు కూడా సున్నా అని రాయించండి. గడి ఖాళీగా వదిలేస్తే ఆ రోజు వాన పడలేదో, మనవాళ్లు కొలవలేదో తర్వాత చూసేవాళ్లకు తెలియదు.