కిట్టీ దొరసాని చరిత్రము

ఎల్.బి. నగరమున మెట్రో రైలెక్కి దిల్‌సుఖ్‌నగరము దాటినంతనే మూసారాంబాగు వచ్చును. ఆ చేరువ గుట్టమీద నిజాము కొలువున సేనాపతిగా నుండిన రేమండు అను ఫ్రెంచి దొర సమాధి యున్నది. మూసారాం అను పేరు అతనినిబట్టియే కలిగినదని పెద్దలందురు. అతడు 1798 మార్చిలో చనిపోయెను. ఆ యేడు అక్టోబరులోనే అతని పటాలములచేత ఆయుధములు దింపించిన ఆంగ్లేయ రెసిడెంటు జేమ్సు అకిలీజు కిర్క్‌పాట్రిక్. అదే రైలులో ముందునకు సాగి కోఠిలో దిగినచో, అతడు కట్టించిన రెసిడెన్సీ భవనము, నేడు మహిళా విశ్వవిద్యాలయమైనది, కానవచ్చును. ఆ ఆవరణమందలి రంగమహలున ముద్దుగా పెరిగిన యొక బాలిక చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాము.

కిర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినవాడు. అతని తండ్రి అమెరికాయందలి కరోలినా సీమలో జన్మించెనని చరిత్రకారులు వ్రాసిరి. భార్యయగు ఖైరున్నిసా బేగము పారశీకమునుండి వచ్చిన సయ్యదుల వంశమునకు చెందినది. మీర్ ఆలమునకు బంధువు. ఇట్లు మూడు ఖండముల నెత్తురు కలిసి 1802 ఏప్రిల్ 9వ తేదీన నూరున్నిసా, సాహెబ్ బేగము అను పేళ్లతో ఈ బాలిక జన్మించెను. అన్న సాహెబ్ ఆలము ఏడాది పెద్ద.

1805లో తండ్రి బిడ్డల నిద్దరిని విద్యకై సీమకు పంపెను. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో చినరీ అను చిత్రకారుడు వారి పటమును వ్రాసెను. ఆ యక్టోబరులోనే తండ్రి కలకత్తాలో మరణించెను. 1806 మార్చిలో లండనులో పిల్లలకు బాప్తిస్మమిచ్చి విలియం, కేథరిన్ అరోరా అని పేరు పెట్టిరి. కేథరిన్ ఇంట కిట్టీ యయ్యెను. తల్లికి ఉత్తరము వ్రాయుటకును వారికి సెలవు లేకపోయెను.

మేము క్రైస్తవులము. బాప్తిస్మమును గౌరవింతుము. కాని కన్నతల్లిని మఱపించుట బాప్తిస్మములోని భాగమని మేమెన్నడును నేర్వలేదు, నేర్పనులేదు. మా తరగతిలో ముత్తాతల పేళ్లడిగినప్పుడు చేతులు లేచును. ముత్తవ్వల పేళ్లడిగినప్పుడు పిల్లలు ఒకరి మొగమొకరు చూచుకొందురు. కిట్టీకి పేరు తెలిసినను ప్రయోజనము లేకపోయెను.

ఆ తల్లి సంగతి వేఱు. ఆమె ఆ పటమును వెదకుచు కలకత్తాకు పోయెను. భర్తకు సహాయకుడైన హెన్రీ రస్సెల్ అచ్చట ఆమెను చేరదీసి, పిమ్మట విడిచిపెట్టెను. హైదరాబాదున అడుగు పెట్టనీయనందున కొన్నియేండ్లు మచిలీబందరులో గడపి, తుదకు స్వస్థలము చేరి 1813లో కన్నుమూసెను.

సీమలో విలియం మరుగునీళ్ల కాగులో పడి వికలాంగుడై, 1828లో చనిపోయెను. కిట్టీ యౌవనమున కార్లైల్ అను గ్రంథకర్త ఆమెను మెచ్చుకొనెను. అతడు కల్పించిన బ్లూమైన్ అను పాత్రకు ఆమెయే మూలమని పలువురి యభిప్రాయము. 1829లో కెప్టెన్ ఫిలిప్సును వివాహమాడెను.

1841 ప్రాంతమున ఆమె యొక చెలికత్తెతో స్వాలోఫీల్డు అను గ్రామములోని పెద్ద భవనమును చూడబోయెను. అది రస్సెల్‌గారిది. అచ్చట గోడమీద, హైదరాబాదు దుస్తులలో చేయి చేయి కలిపి నిలిచిన ఇద్దరు పిల్లలు! తన్ను తాను గుర్తించి కిట్టీ కన్నీరు కార్చెను. తల్లిని విడిచిన ఆ రస్సెల్‌వలననే, అమ్మమ్మ షరఫున్నిసా బేగము హైదరాబాదున ఇంకను జీవించియున్నదని తెలిసెను. తప్పు చేసినవాని చేతినుండి ఇట్టి మేలు వచ్చుట మాకు వింతగా తోచినది.

అంతట ఉత్తరములు నడచెను. కిట్టీ ఆంగ్లమున వ్రాయగా, రెసిడెన్సీలోని యధికారి యొకడు వానిని అమ్మమ్మకు తెలియజెప్పెను. ఆమె పారశీకములో చెప్పి వ్రాయించి, బంగారు పొడి చల్లిన కాగితములపై బదులు పంపెను. ఒకరి లిపి యొకరు చదువలేరు. తల్లి కూర్చుండిన చోటు, ఎడబాటునాడు ఆమె యేడ్చిన యేడ్పు, ఆమె పొడవైన జుట్టు తనకింకను జ్ఞాపకమున్నవని కిట్టీ తెలిపెను. మూడేండ్లప్పటి జ్ఞాపకములవి! అమ్మమ్మ ఆ తల్లి వెండ్రుకలపాయ నొకదానిని పంపెను.

వారొకరి నొకరు చూడలేదు. 1847లో అమ్మమ్మ గతించెను. రస్సెల్ 1852లో మరణించుచు ఆ పటమును కిట్టీకే వ్రాసియిచ్చెను. ఆమె దానితో ముప్పదియేండ్లకు పైగా బ్రదికి, 1889లో టార్కీ పట్టణమున చనిపోయెను. హైదరాబాదునకు మరల రానేలేదు.