మాట మర్మం చెప్పిన జె.ఆర్. ఫర్త్

మన హాస్టల్ సంచికలో అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈసారి మేము ఒక ఇంగ్లీషు ప్రొఫెసర్ గురించి రాస్తున్నాం. అందుకు కారణం ఉంది. పదవ తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి ఇక్కడి నుండి కాలేజీకి వెళ్ళిన మాలో చాలామంది మొదటి ఏడాది క్లాసులో నోరు విప్పలేదు. ఒకచోట మాలో ఒకడు లేచి జవాబు చెబితే, జవాబు సరైనదే అయినా ఉచ్చారణ విని క్లాసంతా నవ్వింది. వాడు మళ్ళీ పరీక్షల దాకా లేవలేదు. ఆ రోజుల్లో మాకు ఫర్త్ గారి పేరు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

జాన్ రూపర్ట్ ఫర్త్ 1890లో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, ఉన్ని మిల్లులకు పేరుపడిన కీత్లీ పట్టణంలో పుట్టారు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆయన చదివింది చరిత్ర. భాషాశాస్త్రం కాదు. తరువాత విద్యాశాఖ ఉద్యోగిగా మన దేశానికి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, 1919 నుండి 1928 వరకు లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒకటి, కచేరీలో ఇంకొకటి మాట్లాడే మనుషుల మధ్య తొమ్మిదేళ్ళు గడపడం అంటే మాటలా! లండన్‌లోనే ఉండిపోయిన పండితులకు ఆ అనుభవం ఎక్కడిది?

1928లో లండన్ వెళ్ళి యూనివర్సిటీ కాలేజీలో ధ్వనిశాస్త్రం చెప్పారు. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త భావం ఆయనను బాగా ఆకట్టుకుంది. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఆ జనం మధ్య నివసించిన మలినోవ్‌స్కీ, వాళ్ళ మాటలను పదానికి పదం ఇంగ్లీషులోకి మారిస్తే ఏమీ అర్థం కాదని గమనించారు. ఎవరు, ఎవరితో, ఏ పని చేస్తూ అన్నారో తెలియాలి. దీన్నే సందర్భం అన్నారు. ఫర్త్ గారు ఈ భావాన్ని తీసుకుని భాషాశాస్త్రానికి పునాదిరాయి చేశారు.

మిత్రులారా, ఇది కష్టమైన విషయం కాదు. మెస్‌లో పళ్ళెం ముందు కూర్చుని 'నీళ్ళు' అంటే జగ్గు ఇటు ఇవ్వమని. వానాకాలం రాత్రి అదే మాట గట్టిగా అరిస్తే, రేకులు కారుతున్నాయి, ట్రంకు పెట్టెలు మంచాల మీదికి ఎత్తమని. డిక్షనరీలో మాత్రం రెండింటికీ ఒకే అర్థం. మాట అర్థం దాని పక్కన వచ్చే మాటలను బట్టి కూడా తెలుస్తుందని ఫర్త్ చెప్పారు.

మనకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. 1937లో ఆయన మళ్ళీ భారతదేశం వచ్చి గుజరాతీతోపాటు మన తెలుగు మీద కూడా పరిశోధన చేశారు. మనం ఇంగ్లీషుకు భయపడుతుంటే, ఇంగ్లీషు ప్రొఫెసరు తెలుగు వినడానికి వచ్చారన్నమాట.

1938లో లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు త్వరగా జపనీస్ నేర్పవలసి వచ్చింది. భాషంతా నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి యుద్ధ విమానాల రేడియో సంభాషణ వినవలసిన వాళ్ళకు ఆ పనిలో వచ్చే మాటలు, వాక్యాలు ఎంచి నేర్పించారు. ఒక పనికి సరిపడే ఇలాంటి భాషను ఆయన పరిమిత భాష అన్నారు. 1944లో బ్రిటన్‌లో సామాన్య భాషాశాస్త్రానికి తొలి ఆచార్యులయ్యారు.

ఆయన కోపిష్టి అని, ఎదుటివారితో గట్టిగా వాదించేవారని చెబుతారు. రాసింది కూడా తక్కువే. చిన్న పుస్తకాలు రెండు, మిగిలినవన్నీ వ్యాసాలు. కానీ హాలిడే, రాబిన్స్, పామర్ వంటివారు ఆయన బాటలో నడిచారు. మా దృష్టిలో పుస్తకాల లెక్క కన్నా అదే గొప్ప. 1956లో పదవీ విరమణ చేసి, 1960 డిసెంబరులో కన్నుమూశారు.

ఆయన పోయాక ఆ విత్తనం మొలిచింది. శ్రీనగర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రూ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఫర్త్ చెప్పిన సందర్భ సిద్ధాంతాన్ని పట్టుకుని భారతీయుల ఇంగ్లీషుపై పరిశోధన చేశారు. మన ఇంగ్లీషులో తేడాగా కనిపించేవన్నీ తప్పులు కావని, మన జీవితంలోంచి పుట్టినవి చాలా ఉన్నాయని చూపించారు. 1985లో ప్రపంచ ఇంగ్లీషులను మూడు వలయాలుగా విభజించారు. పుట్టుకతో మాట్లాడేవారిది లోపలి వలయం. మనలాగా పాలనలోనూ చదువులోనూ వాడే దేశాలది బయటి వలయం. పరాయి భాషగా నేర్చుకునేవారిది మూడోది. కచ్రూ గారు 2016లో మరణించారు.

వ్యాకరణం నేర్చుకోనక్కర్లేదని వీరెవరూ చెప్పలేదు. స్టడీ అవర్‌లో తమ్ముళ్ళు ఈ వ్యాసం చూపించి తప్పించుకోవద్దు! కానీ లీవ్ లెటర్‌లో వార్డెన్ గారు 'ఔట్ ఆఫ్ స్టేషన్' అని మనం రాస్తామే, ఇంగ్లాండువాడికి అది వింతగా తోస్తుంది. ఇక్కడ మాత్రం వార్డెన్ గారికి, వాచ్‌మన్ అన్నకు, వంట అక్కకు అందరికీ అర్థమవుతుంది.