బోనస్‌ను హక్కు చేసిన దామోదరం సంజీవయ్య



మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో స్టడీ అవర్ జరిగే హాలు గోడకు వరుసగా ఐదు పటాలు ఉండేవి. అంబేద్కర్ గారిని, గాంధీ గారిని, ఫూలే గారిని, జగ్జీవన్ రామ్ గారిని అందరం గుర్తుపట్టేవాళ్లం. చివరి పటంలో తెల్ల ఖద్దరు వేసుకున్న ఒకాయన ఉండేవారు. కింద రాసిన పేరు చెమ్మకు చెరిగిపోయింది. ఆయన ఎవరని మేము అడగలేదు, మాకు ఎవరూ చెప్పనూ లేదు. పదో తరగతిలో విహారయాత్రకు హైదరాబాద్ పోయి, హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకొని తిన్నాం. ఆ పార్కు పేరు, మా గోడ మీది పటం ఒకరివేనని తెలిసింది మాత్రం చాలా ఏళ్లకు. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందుగా ఆ బాకీ తీర్చుకుందామనిపించింది.

ఆయన మన ప్రాంతం వారు కారు, కర్నూలు జిల్లా వారు. అయినా నస్పూర్, శ్రీరాంపూర్ బస్తీల్లో పుట్టి పెరిగిన మన అందరి ఇళ్లలోకి ఆయన చేసిన పని వచ్చి చేరింది. బాయి పనికి పోయే నాన్నలు పండుగ ముందర బోనస్ ఎంత వస్తుందో, ఎప్పుడు పడుతుందో మాట్లాడుకోవడం వింటూ పెరిగాం. బోనస్ వస్తేనే కొత్త బట్టలు, బోనస్ వస్తేనే కిరాణం బాకీ. ఆ మాటను యజమాని దయ నుంచి తప్పించి చట్టంలో కూర్చోబెట్టిన మంత్రి దామోదరం సంజీవయ్య గారు.

కర్నూలుకు దగ్గర్లోని పెద్దపాడులో 1921 ఫిబ్రవరి 14న ఒక దళిత కుటుంబంలో ఆయన పుట్టారు. భూమి లేదు. ఆయన పసిగుడ్డుగా ఉండగానే తండ్రి మునిదాసు పోయారు. కుటుంబం మేనమామ గారి ఊరు పాలకుర్తికి చేరింది. అక్కడ పిల్లవాడు పశువులు కాశాడు. తిరిగి పెద్దపాడు వచ్చాక అన్న చిన్నయ్య కూలి చేసి తమ్ముణ్ని బడికి పంపాడు. ఇంట్లో ఒకరు చదువుకోవాలంటే ఇంకొకరు చదువు మానాలనే లెక్క మన ఇళ్లలో కొత్తది కాదు. సంజీవయ్య గారి గురించి రాసేవాళ్లు ఆ అన్న దగ్గర ఇంకొంచెం ఆగి రాస్తే బాగుండునని మాకు అనిపిస్తుంది.

కర్నూలు మునిసిపల్ హైస్కూలు, ఆ తర్వాత అనంతపురం కాలేజీ, 1942లో డిగ్రీ. అప్పుడు యుద్ధం రోజులు. కర్నూలులో రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు, ఆ పని పోతే మరో పని వెతుక్కున్నారు. చివరకు మద్రాసు వెళ్లి లా చదివి 1950లో అడ్వొకేటు అయ్యారు. ఆ ఏడాదే తాత్కాలిక పార్లమెంటుకు సభ్యుడిగా పంపారు. అంటే కోర్టులో నాలుగు కేసులు వాదించకముందే చట్టాలు చేసే సభలో కూర్చున్నారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రంలోనూ, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో నీలం సంజీవరెడ్డి గారి మంత్రివర్గంలోనూ పనిచేశారు. కార్మిక శాఖ మొదట అక్కడే ఆయన చేతికి వచ్చింది.

1960 జనవరిలో సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. పెద్ద వర్గాలు కొట్లాడుకుంటుంటే మధ్యేమార్గంగా సంజీవయ్య గారిని ఎన్నుకున్నారు. అప్పుడు ఆయన వయసు 38. దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయనే. క్విజ్ పోటీల్లో ఈ ప్రశ్న వస్తుంది, జవాబు చెప్పి మార్కు తెచ్చుకుంటాం, అంతటితో మరిచిపోతాం. ఆ రెండేళ్లలో ఆయన ఏం చేశారన్నది ఏ క్విజ్‌లోనూ అడగరు.

రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలైంది ఆయన హయాంలోనే. పెద్దపాడులో ఉన్న తల్లికి నెల ఖర్చుకు డబ్బిస్తే, కొడుకు ముఖ్యమంత్రి కాని ముసలమ్మల సంగతేమిటని ఆమె అడిగిందనీ, పింఛను ఆలోచన అక్కడ పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ ఎంతవరకు నిజమో గాని పింఛను నిజం. అవినీతి నిరోధక శాఖ 1961 జనవరిలో విడిగా ఏర్పడింది. బంజరు భూములను పేదలకు పంచారు. అది ఆరు లక్షల ఎకరాల దాకా ఉంటుందని చెబుతారు.

భూ పరిమితి చట్టం కూడా 1961లో ఆయన కాలంలోనే వచ్చింది. ఇక్కడ మాత్రం పొగడడానికి మాకు మనసొప్పలేదు. ఆ చట్టంలో భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల వరకు ఒక్కరు ఉంచుకోవచ్చు. మెట్ట భూమి 324 ఎకరాలు ఉంచుకోనిస్తే ఇక ప్రభుత్వానికి మిగిలేదేముంది? అనుకున్నట్టే దాని కింద తేలిన మిగులు భూమి స్వల్పం. గోదావరి అవతల మంథని నుంచి గెలిచిన పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యాక గాని గట్టి చట్టం రాలేదు. అది 1975లో అమల్లోకి వచ్చింది, ఈలోగా దాని గొడవల మధ్యే ఆయన పదవీ పోయింది. భూమి ఉన్నవాళ్లు నిండిన సభలో సొంత వర్గం లేని ముఖ్యమంత్రి అంతకన్నా ఏం చేయగలిగేవారని మాలో ఒకరు వాదించారు. అయినా చట్టం చట్టమే, దాని ఫలితం ఫలితమే.

1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి గారు తిరిగొచ్చారు. సంజీవయ్య గారు పదవి దిగారు. ఆ ఏడాదే అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోనూ తొలి దళితుడు ఆయనే. 1964లో రాజ్యసభకు వెళ్లారు. చివరిదాకా ఆ సభలోనే ఉన్నారు. లాల్ బహదూర్ శాస్త్రి గారు 1964 జూన్‌లో ప్రధాని అయినప్పుడు కార్మిక శాఖ ఆయనకిచ్చారు. మన కథ అసలు ఇక్కడ మొదలవుతుంది.

అప్పటిదాకా బోనస్ అంటే ఏమిటో ఏ చట్టంలోనూ సరిగా లేదు. లాభాల్లో వాటా అని కార్మికులు, బహుమతి అని యజమానులు. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక లెక్క చెప్పింది. ఆ లెక్కలో తరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ, యంత్రాల మార్పిడి ఖర్చు అన్నీ తీసేశాక మిగిలితేనే బోనస్. ఏమీ మిగల్లేదని చూపించడం అకౌంటెంటుకు కష్టమా? అందుకే ప్రతి ఏడాదీ సమ్మెలు, కేసులు. 1961 చివర్లో కేంద్రం ఎం.ఆర్. మెహర్ గారి అధ్యక్షతన బోనస్ కమిషన్ వేసింది. దాని నివేదిక 1964 మొదట్లో వచ్చింది. ప్రభుత్వం కొన్ని మార్పులతో ఆమోదించింది. ఆ మార్పులు యజమానుల వైపే మొగ్గాయని యూనియన్లు గొడవ చేశాయి. రెండు పక్కల నుంచీ తిట్లు పడుతుండగా 1965 మేలో ఆర్డినెన్సు, సెప్టెంబరు 25న చట్టం.

చట్టం చెప్పింది ఇదీ. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట కంపెనీకి లాభం రాని ఏడాది కూడా సంవత్సర వేతనంలో 4 శాతం గాని 40 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది కనీస బోనస్. లాభం బాగా వస్తే 20 శాతం వరకు. ఇరవై దాటి మిగిలింది పక్కన రాసి ఉంచి, లాభం తగ్గిన ఏడాది కలపాలి. ఆ రోజుల్లో నెలకు 60 రూపాయలు వచ్చే కూలికి ఏడాదికి 720. నాలుగు శాతం లెక్కిస్తే 29 కూడా కాదు. కాని చట్టం 40 ఇవ్వమంది. అందరికన్నా తక్కువ జీతగాణ్ని మనసులో పెట్టుకొని రాసిన వాక్యం అది. అందులో మాకు పెద్దపాడు కనిపిస్తుంది.

యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో కోర్టు కొన్ని సెక్షన్లు కొట్టేసింది గాని కనీస బోనస్‌ను నిలబెట్టింది. కనీసం 4 నుంచి 8.33 శాతానికి, అంటే ఏడాదికి ఒక నెల జీతానికి పెరిగింది 1972లో. అప్పటికి సంజీవయ్య గారు లేరు.

ఇప్పటి పిల్లలకు ఒక మాట. మన గనుల్లో పర్మినెంటు కార్మికుల జీతం ఆ చట్టం పెట్టిన పరిమితి దాటిపోయింది. 2015 సవరణతో అది నెలకు 21,000 రూపాయలు. అందుకని దీపావళి బోనస్ యూనియన్ల ఒప్పందంతో తేలుతుంది, లాభాల వాటా అది వేరు. బోనస్ చట్టాన్ని కూడా 2019 వేతనాల కోడ్‌లో కలిపారు. పేర్లు మారాయి. బోనస్ అడిగేవాడు బిచ్చం అడగడం లేదన్న సంగతి మాత్రం 1965లోనే తేలింది.

1966లో ఇందిరా గాంధీ గారి ప్రభుత్వంలో పరిశ్రమల శాఖ చూశారు. 1967 నుంచి మూడేళ్లు మంత్రి పదవి లేదు. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు ఇందిరమ్మ పక్షాన నిలిచారు. 1970 ఫిబ్రవరిలో మళ్లీ కార్మిక మంత్రి. ఆ ఏడాదే కార్మిక సమస్యల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా అచ్చు వేశారు. ఈసారి ఉన్నది ఏడాది పైచిలుకే. ఆ కొద్ది కాలంలోనే రెండు పెద్ద పనులు జరిగాయి.

ఒకటి కుటుంబ పింఛను. 1948 నుంచి బొగ్గు గనుల్లో ప్రావిడెంట్ ఫండ్ ఉంది. కాని కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే భార్యకు నెలనెలా వచ్చేది ఏమీ లేదు. 1971 మార్చి 1 నుంచి బొగ్గుగని కార్మికుల కుటుంబ పింఛను పథకం వచ్చింది. అందులో వచ్చింది చిన్న మొత్తమే. 1998లో కొత్త పింఛను పథకం వచ్చేదాకా అదే నడిచింది. మా బ్యాచ్‌లో నాన్నను బాయిలో పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు హాస్టల్‌కు వచ్చిందే అందుకు. వాళ్ల అమ్మలకు ఆ పింఛను ఎంత వచ్చేదో, దానికోసం ఎన్నిసార్లు తిరిగేవాళ్లో మాకు తెలుసు.

రెండోది 1970 సెప్టెంబరు నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం. 1967లో సభ ముందుకు వచ్చి నానుతున్న బిల్లు అది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి, క్యాంటీను, విశ్రాంతి గది, మందుల పెట్టె ఉండాలి, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలి. ఏడాది పొడుగునా ఉండే పనిలో కాంట్రాక్టు పద్ధతినే ప్రభుత్వం నిషేధించవచ్చు. ఈ అధికారంతోనే 1975లో కేంద్రం బొగ్గు గనుల్లో బొగ్గు తీయడం, నింపడం, దించడం వంటి పనుల్లో కాంట్రాక్టు కూలీలను నిషేధించింది.

అయితే ఒక సందు మిగిలిపోయింది. నిషేధించాక ఆ పని చేస్తున్న మనిషి ఏమవుతాడో చట్టంలో రాయలేదు. పర్మినెంటు చేయాలని 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, దానంతట అదే ఆ హక్కు రాదని చెప్పింది. ఒక్క వాక్యం అదనంగా ఉంటే ఎన్ని ఇళ్ల కథ మారేదో. ఆ వాక్యం ఎందుకు పడలేదో, ఎవరు అడ్డుపడ్డారో సభా చర్చలు చదివి చెప్పగల లా విద్యార్థి మన హాస్టల్ నుంచి రావాలని ఉంది. మాలో ముగ్గురం ఇవాళ కాంట్రాక్టు ఉద్యోగాల్లోనే ఉన్నాం కాబట్టి ఈ పేరా కొంచెం పెద్దదైంది, మన్నించాలి.

1971లో మళ్లీ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మేలో ఢిల్లీలో గుండెపోటుతో పోయారు. 51 ఏళ్లు. సమాధి సికింద్రాబాద్ పాటిగడ్డలో, మేము పులిహోర తిన్న పార్కుకు దగ్గర్లోనే ఉంది. ఆనాడు నాలుగడుగులు వేస్తే చూసేవాళ్లం. 2016లో పెద్ద జాతీయ జెండా ఎగరేసింది ఆ పార్కులోనే. విశాఖపట్నం దగ్గరి లా యూనివర్సిటీకి కూడా ఆయన పేరే పెట్టారు.

హాలులోని పాత పటం ఇప్పుడు లేదని తమ్ముళ్లు చెప్పారు. రంగులు వేసినప్పుడు తీశారట, మళ్లీ పెట్టలేదట. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పేరు, తేదీలు రాయించిన కొత్త పటం పట్టుకొస్తున్నాం. గోడకు మేకు మాత్రం మీరు కొట్టి ఉంచండి.