సార్జెంట్ ఆల్విన్ యార్క్: తుపాకీ వద్దనుకున్న వీరుడు

స్మోకీ పర్వతాలు చూద్దామని నాష్‌విల్ నుంచి ఐ-40 మీద పిల్లల్ని వేసుకుని బయలుదేరినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. దారిలో క్రాస్‌విల్ దగ్గర దిగి 127వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళితే జేమ్స్‌టౌన్, అది దాటాక కెంటకీ సరిహద్దుకు కాస్త ఇవతల పాల్‌మాల్ అనే చిన్న పల్లె వస్తాయి. వుల్ఫ్ నది ఒడ్డున ఒక పిండిమర, ఒక తెల్లటి ఇల్లు, కొద్ది దూరంలో శ్మశానం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా సైనికులలో అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న ఆల్విన్ యార్క్ సొంత ఊరు ఇది. గ్యారీ కూపర్ నటించిన పాత నలుపు తెలుపు సినిమా చూసినవారికి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. అయితే ఆ సినిమా ఆయన తుపాకీ గురించి చెప్పినంతగా ఆ తరువాతి నలభై అయిదేళ్ళ గురించి చెప్పదు. నన్ను ఆకట్టుకున్నది ఆ నలభై అయిదేళ్ళే.

1887 డిసెంబరు 13న పదకొండుమంది సంతానంలో మూడోవాడిగా ఆయన పుట్టారు. తండ్రిది వ్యవసాయం, దానితోపాటు కమ్మరం. బడికి వెళ్ళినదంతా కలిపితే తొమ్మిది నెలలు ఉంటుందేమో. ఇంట్లో కూరకు వేటే ఆధారం కనుక గురి మాత్రం చిన్నప్పుడే కుదిరింది. 1911లో తండ్రి పోయాక తల్లి, చిన్నవాళ్ళ భారం ఆయన మీద పడింది. ఆ బరువు మోస్తూనే సరిహద్దులోని సారా కొట్ల చుట్టూ తిరిగారు. తాగుడు, పేకాట, కొట్లాటలు. ఒక స్నేహితుడు అలాంటి తగువులోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఊళ్ళో ఉజ్జీవ సభలు జరుగుతున్న రోజులవి. గుంటూరు, నెల్లూరు వైపు పెరిగినవాళ్ళకు ఆ సభల వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. 1915 కొత్త సంవత్సరం రోజున ఆయన పాత అలవాట్లన్నిటికీ ఒక్కసారిగా స్వస్తి చెప్పారు. చర్చిలో పాటలు పాడించారు, ఆదివారం బడిలో పాఠాలు చెప్పారు.

రెండేళ్ళు తిరిగేసరికి అమెరికా యుద్ధంలోకి దిగింది. నిర్బంధ సైనిక సేవకు పేర్లు నమోదు చేసుకునే అధికారి ఎవరనుకున్నారు? ఆయన చర్చి పాస్టరు రోసియర్ పైల్ గారే! ఆ ఊరి కిరాణా కొట్టూ ఆయనదే, పోస్టాఫీసూ ఆయనదే. హత్య కూడదన్న ఆజ్ఞను అక్షరాలా నమ్మిన యార్క్, తనకు యుద్ధం చేయడం ఇష్టం లేదని కాగితం మీద రాసిచ్చారు. అర్జీ చెల్లలేదు. ఆ చిన్న సంఘానికి బైబిలు తప్ప వేరే సిద్ధాంత పత్రమంటూ లేదు కనుక మినహాయింపు కుదరదని బోర్డు తేల్చింది. క్వేకర్లకు దొరికిన వెసులుబాటు కొండ మనిషికి దొరకలేదు.

జార్జియాలోని క్యాంప్ గోర్డన్‌లో ఆయన గురి చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. మనుషుల మీద ఆ తుపాకీ ఎత్తడం తన వల్ల కాదని మాత్రం ఆయన పై అధికారులకు దాచకుండా చెప్పేశారు. అప్పట్లో అలా చెప్పినవారిని జైళ్ళలో వేసిన సందర్భాలున్నాయి. ఆయన అదృష్టం కొద్దీ కెప్టెన్ డాన్‌ఫర్త్, మేజర్ బక్స్‌టన్ బైబిలు బాగా చదువుకున్నవాళ్ళు. ఆయన కొండమీది ప్రసంగం ఎత్తితే, వాళ్ళు క్రీస్తు శిష్యులను కత్తి కొనుక్కోమన్న సందర్భాన్నీ, యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడి ప్రస్తావననూ ఎత్తారు. గదమాయింపు లేదు, వెక్కిరింపు లేదు. చివరకు ఇంటికి వెళ్ళి ఆలోచించుకోమని పదిరోజుల సెలవిచ్చారు. ఆయన ఊరి వెనక కొండెక్కి ఒక పగలూ ఒక రాత్రీ ప్రార్థనలో గడిపి, మనసు కుదుటపడ్డాక వెనక్కి వచ్చారు. ఆ తరువాత కొడుక్కి జార్జ్ ఎడ్వర్డ్ బక్స్‌టన్ అని ఆ మేజరు పేరే పెట్టుకున్నారంటే, ఆ చర్చలు ఆయనకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవుల్లో, షాటెల్ షెహెరీ గ్రామం దగ్గర జరిగింది అందరికీ తెలిసిన కథ. సార్జెంట్ ఎర్లీ నాయకత్వంలో పదిహేడుమంది జర్మన్ల వెనక్కి చేరి కొందరిని పట్టుకున్నారు. ఇంతలో పై గట్టు మీది మెషిన్‌గన్లు పేలాయి. ఆరుగురు అక్కడికక్కడే చనిపోయారు, ఎర్లీతో సహా ముగ్గురు గాయపడ్డారు. అప్పటికి కార్పొరల్‌గా ఉన్న యార్క్ పైనున్న గన్నర్లను ఒక్కొక్కరినే కొడుతూ, మధ్యమధ్య లొంగిపొమ్మని కేకలు వేస్తూనే ఉన్నారు. అవసరానికి మించి ఒక్కరిని కూడా చంపకూడదన్నదే తన ఆలోచన అని ఆ తరువాత చెప్పుకున్నారు. ఇరవైమందికి పైగా పడిపోయాక, ఇంగ్లీషు వచ్చిన జర్మన్ అధికారి ఒకాయన తన మనుషులను లొంగిపొమ్మన్నాడు. మొత్తం 132 మంది ఖైదీలు! అందరూ చెప్పుకునే అంకె ఇదే. నాకు మాత్రం మరునాటి ఉదయం ముఖ్యం. గాయపడినవాళ్ళు ఎవరైనా మిగిలారేమోనని స్ట్రెచర్లు మోసేవారితో ఆయన మళ్ళీ అక్కడికి వెళ్ళారు. ఎవరూ బతికి లేరు. అమెరికన్లతోపాటు తన చేతిలో పోయిన జర్మన్ల కోసమూ ఆయన ప్రార్థన చేశారు.

కీర్తి అంతా ఒక్కరికే దక్కిందని తోటి సైనికులు కొందరు నొచ్చుకున్నారు. అందులో న్యాయం లేకపోలేదు. ఎర్లీకి పెద్ద పతకం రావడానికి 1929 దాకా పట్టింది.

1919 మే నెలలో న్యూయార్క్ ఆయనకు బ్రహ్మరథం పట్టింది. సినిమాలు, ప్రకటనలు, నాటక ప్రదర్శనలంటూ డబ్బుమూటలతో జనం వెంటపడ్డారు. మనుషులను చంపి తెచ్చుకున్న పేరును అమ్ముకోనని ఆయన అన్నిటినీ కాదన్నారు. జూన్ 7న, తన కోసం ఎదురుచూస్తున్న గ్రేసీ విలియమ్స్‌ను పెళ్ళాడారు. జరిపించినది సాక్షాత్తూ టెనెసీ గవర్నరు. అభిమానులు చందాలు వేసుకుని సుమారు 400 ఎకరాల పొలం బహుమతిగా ఇచ్చారు. సినిమా అక్కడే శుభం కార్డు వేసేస్తుంది. నిజానికి చందాలు చాలలేదు, మిగిలిన అప్పు వీరుడి నెత్తిన పడింది. సభల్లో సన్మానం చేసి బిల్లు చేతిలో పెట్టడం మనవాళ్ళకే తెలుసనుకున్నాను!

తనకు దక్కని చదువు కొండల పిల్లలకు దక్కాలన్నదే ఇక ఆయన ధ్యాస. జేమ్స్‌టౌన్‌లో హైస్కూలు కోసం ఊరూరా ఉపన్యాసాలిస్తూ చందాలడిగారు. స్థలం ఎక్కడన్న దాని మీద జిల్లా పెద్దలతో ఏళ్ళ తరబడి తగాదా పడ్డారు. 1929లో యార్క్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది. పిల్లలను తీసుకొచ్చే బస్సులకు డబ్బు లేకపోతే సొంత పొలం తాకట్టు పెట్టారు. ఊళ్ళో బడి కట్టించడానికి ఇక్కడి నుంచి డబ్బు పంపినవాళ్ళకు ఈ తలనొప్పులు పరిచయమే. 1937లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బడిని చేతిలోకి తీసుకుంది, ఈనాటికీ నడుపుతోంది.

యుద్ధం విషయంలో మాత్రం ఆయన మనసు ఒకచోట నిలవలేదు. 1930లలో ఆ యుద్ధం వల్ల ఒరిగిందేమీ లేదన్నారు. హిట్లర్ విజృంభించాక మాట మార్చి, 1941లో అమెరికా చేతులు కట్టుకుని కూర్చోరాదని సభల్లో వాదించారు. వయసు, ఆరోగ్యం కారణంగా సైన్యం ఆయనను పోరాటానికి తీసుకోలేదు. ఒకనాడు మినహాయింపు కోరి కాదనిపించుకున్న మనిషి ఇప్పుడు తన జిల్లా డ్రాఫ్ట్ బోర్డులో కూర్చోవలసి వచ్చింది. చదువు రాదని వెనక్కి పంపిన కొండ కుర్రాళ్ళను తన చేతికిస్తే తానే ముందుండి నడిపిస్తానని కూడా అడిగారు. మాట మీద నిలబడలేదని కొందరు అనవచ్చు. నేను మాత్రం, ఆ కొండ మీది ప్రార్థన ఆయనలో ఎప్పటికీ పూర్తి కాలేదనుకుంటాను.

ఇరవై ఏళ్ళు వద్దన్న సినిమాకు చివరకు ఒప్పుకున్నది కూడా ఒక బైబిలు పాఠశాల కట్టాలన్న కోరికతోనే. 1941లో వచ్చిన ఆ సినిమా గ్యారీ కూపర్‌కు ఆస్కార్ తెచ్చింది, యార్క్‌కు పన్నుల తగాదా తెచ్చింది. వచ్చిన సొమ్ములో చాలా భాగం దానం చేసిన మనిషి మీద బాకీ, వడ్డీలతో కలిసి లక్షా డెబ్భైవేల డాలర్లు దాటింది. 1954లో పక్షవాతం వచ్చి మంచం పట్టారు. 1961లో 25 వేలకు రాజీ కుదిరితే, స్పీకర్ శామ్ రేబర్న్ వంటివారు చందాలు పోగుచేసి కట్టారు.

1964 సెప్టెంబరు 2న నాష్‌విల్‌లోని సైనికుల ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. పాల్‌మాల్‌లో వుల్ఫ్ నది పక్కనున్న ఆ శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది. 1984లో గ్రేసీ కూడా వచ్చి ఆయన పక్కనే చేరారు.